క్యాలెండరు వెనక వంశవృక్షం: పెళ్ళి మాటలకు ముందు గీయవలసిన బొమ్మ

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 31 ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. క్రోమోజోముల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అయినా ఆ పాఠం మా ఇంట్లోకి వచ్చినప్పుడు నేను దాన్ని వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

మా అక్కను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. మొదటి బాబుకు ఆరో నెల దాటాక ఒళ్ళు పాలిపోయింది. పాలు తాగుతూనే అలసిపోయేవాడు, పొట్ట ఎత్తుగా ఉండేది. దగ్గరలోని డాక్టరు నాలుగు నెలలు ఐరన్ మందు పోయించారు. పట్నం తీసుకెళ్ళాక తేలింది, అది తలసీమియా మేజర్ అని, అంటే ఒంట్లో రక్తం చాలినంత తయారు కాని వంశపారంపర్య జబ్బని. ‘నలుగురిలో ఒకరికి వస్తుంది’ అని అక్కడ ఎవరో చెప్పిన మాటను ఇంట్లో అందరూ ‘ఒకరికి వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ భయం లేదు’ అని అర్థం చేసుకున్నారు. రెండో పాపకూ వచ్చింది. పెద్దవాళ్ళు మా అక్క రక్తాన్నే తప్పుపట్టారు. బాబు తొమ్మిదో ఏట పోయాడు. పాపకు ఇప్పుడు 28 ఏళ్ళు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుని, ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటకు పంపే మాత్రలు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటోంది.

మా అక్క మూడో బిడ్డ అయిన అమ్మాయికి పోయిన ఏడాది సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. ఆ రోజు పాత క్యాలెండరు కాగితం తిరగేసి మా వంశవృక్షం గీశాను. మీరూ గీయాలని, ఎలా గీయాలో ఇక్కడ చెబుతున్నాను.

కాగితం మీద ఏ గుర్తు ఎందుకు

పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. పెన్ను వద్దు, పెద్దవాళ్ళు చెప్పిన వరుసలు రెండు మూడుసార్లు మారతాయి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. దంపతులను అడ్డగీతతో కలపాలి, దాని మధ్య నుంచి కిందికి దించిన గీతకు పిల్లలను ఎడమ నుంచి కుడికి పెద్ద నుంచి చిన్న వరకు వేలాడదీయాలి. చనిపోయిన వారి గుర్తు మీద ఏటవాలు గీత. జబ్బు ఉన్నవారి గుర్తును పూర్తిగా నలుపు చేయాలి. జబ్బు లేకుండా జన్యువు మాత్రం మోస్తున్న వారిది, అంటే వాహకులది, సగం నలుపు. గర్భస్రావానికి చిన్న త్రిభుజం. దత్తత వచ్చిన బిడ్డకు రెండు పక్కలా చదరపు కుండలీకరణాలు, ఎందుకంటే ఆ బిడ్డ జన్యువులు వేరే చెట్టువి.

దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి అయితే అడ్డగీత ఒకటి కాదు, రెండు గీయాలి. మా కాగితం మీద అలాంటి జంట గీతలు మూడు చోట్ల వచ్చాయి. గీసేదాకా అన్ని ఉన్నాయని మాలో ఎవరికీ తెలియదు.

ప్రతి తరానికి ఎడమ అంచున రోమన్ అంకె, తరంలో ప్రతి మనిషికి మామూలు అంకె వేయండి. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి పేర్లతో నడిపితే మూడో తరానికే తికమక. మాకు ఒకే పేరుతో నలుగురు సుబ్బారావులు ఉన్నారు. మూడు తరాలు తప్పనిసరి, నాలుగు దొరికితే మంచిది.

ఎవరిని, ఏమని అడగాలి

‘మన వంశంలో ఏమైనా జబ్బు ఉందా?’ అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడైతే మరీను. అందుకే ఆ మాట అడగకూడదు. ఇంట్లో పెద్ద వయసు ఆడవాళ్ళ దగ్గర తీరికగా కూర్చోండి. పురుళ్ళు ఎవరికి ఎన్ని జరిగాయో, ఏ బిడ్డ ఎన్ని నెలలకు పోయిందో వాళ్ళకే గుర్తుంటుంది. మా పెద్దమ్మను నేను అడిగిన ప్రశ్నలు ఇవి: ఏడాది నిండకుండా పోయిన పిల్లలున్నారా? ఎవరికైనా మాటిమాటికీ రక్తం ఎక్కించారా? పసితనంలో పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, ఎదుగుదల ఆగిన వారున్నారా? ఎముకల నొప్పులతో అల్లాడిన వారు? చిన్న దెబ్బకే రక్తం ఆగని మగపిల్లలు?

ఆవిడ చాలాసేపు ఆలోచించి, మా అమ్మమ్మకు అమ్మ తరువాత పుట్టిన ఒక మగబిడ్డ ‘తెల్లబడిపోయి’ పదో నెలలో పోయాడని చెప్పింది. అరవై ఏళ్ళుగా ఆ బిడ్డ ప్రస్తావన ఇంట్లో లేదు. ఒక చతురస్రం గీసి, ఏటవాలు గీత పెట్టి, పక్కన ప్రశ్నార్థకం వేశాను.

కాగితం కింద ఏముంది

మన ప్రతి కణంలోనూ, ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటిలో తప్ప, 46 క్రోమోజోములు ఉంటాయి. ఆ సంఖ్య 1956లోగానీ ఖరారు కాలేదు. అంతకుముందు పుస్తకాలన్నీ 48 అనేవి. 46 అంటే 23 జతలు, ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. క్రోమోజోము పొడవునా జన్యువులు వరసగా ఉంటాయి, ప్రొటీన్ల తయారీకి సూచన ఇచ్చేవి మొత్తం సుమారు 20 వేలు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుకు సూచన ఇచ్చే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. క్రోమోజోములు జతలుగా ఉన్నాయి కాబట్టి ఆ జన్యువుకూ మనకు రెండు ప్రతులు. ఒక ప్రతి చెడినా రెండోది దాదాపు పని నెట్టుకొస్తుంది, ఆ మనిషి వాహకుడు, ఆరోగ్యవంతుడు. రెండూ చెడితే బీటా గొలుసు చాలినంత తయారు కాదు. అదే తలసీమియా మేజర్. కడుపులో ఉన్నప్పుడూ పుట్టిన కొత్తలోనూ బిడ్డ ఒంట్లో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, దానికి బీటా గొలుసు అక్కర్లేదు. మా అక్క కొడుకు ఆరు నెలల దాకా బాగానే ఉన్నది అందుకే.

అండంలోకీ శుక్రకణంలోకీ ప్రతి జతలోంచి ఒక్కటే వెళుతుంది. ఏది వెళుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

చింతపిక్కలతో చూడండి

దీన్ని అంకెల్లో చెబితే తలలు ఊపుతారు, నమ్మరు. చేతితో చేయిస్తే నమ్ముతారు. అష్టాచెమ్మాకు చేసినట్టే రెండు చింతపిక్కలను ఒక పక్క తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీయండి. ఒక్కోదాన్ని విడిగా ఇరవైసార్లు వేసి, రెండు పక్కలూ దాదాపు సమానంగా పడుతున్నాయో లేదో చూసుకోండి. ఒక పక్కకే మొగ్గే పిక్కను పారేసి ఇంకోటి అరగదీయండి.

ఒక పిక్క తల్లి, ఇంకోటి తండ్రి. ఇద్దరూ వాహకులే. తెలుపు అంటే మారిన జన్యువు, నలుపు అంటే మామూలుది. రెండూ కలిపి వేసిన ప్రతిసారీ ఒక బిడ్డ పుట్టినట్టు. రెండూ తెలుపైతే ఆ బిడ్డకు జబ్బు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే వాహకం. రెండూ నలుపైతే ఏమీ లేదు. నలభైసార్లు వేసి రాసుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించినప్పుడు ఒకడికి రెండు తెలుపులు ఏడుసార్లు, పక్కనున్న అమ్మాయికి పద్నాలుగుసార్లు పడ్డాయి. తరగతి మొత్తం కలిపితే నాలుగో వంతు దగ్గరికి వచ్చింది. మెండెల్ బఠాణీలను వేలల్లో లెక్కపెట్టింది ఇందుకే: గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. పది గింజలు చూసి ఊరుకుంటే ఆ మూడుకొకటి నిష్పత్తి ఆయనకు కనబడేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. రెండు తెలుపులు పడ్డ వెంటనే మళ్ళీ వేయండి. కిందటిసారి ఏం పడిందో పిక్కలకు తెలియదు. నాలుగో వంతు అవకాశం ప్రతి కాన్పుకూ కొత్తగా, పూర్తిగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి మా ఇంట్లో 1996లో ఎవరైనా చింతపిక్కలతో చేసి చూపించి ఉంటే రెండో కాన్పుకు ముందే పరీక్ష చేయించేవాళ్ళం. ఇంకోటి కూడా చూడండి: తల్లి పిక్క ఒక్కటే తెల్లగా పడితే జబ్బు రాదు. తండ్రిదీ తెల్లగా పడాలి. మా అక్కను అన్న మాటలకు ఆధారం ఎక్కడా లేదు.

చెట్టును చదవడం

తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉండి పిల్లల్లో నల్ల గుర్తులు వస్తే, అవి ఆడ మగ తేడా లేకుండా ఉంటే, పైన జంట గీత కనిపిస్తే రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బని అనుమానించాలి. తలసీమియా, ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ ఈ రకం. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు నల్లగా కనిపిస్తే ఒక్క ప్రతి చెడినా చాలే జబ్బు కావచ్చు. మగపిల్లలకే వచ్చి, మేనమామకూ మేనల్లుడికీ కనిపించి, మధ్యలో తల్లికి ఏమీ లేకపోతే అది ఎక్స్ క్రోమోజోము దారి, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా అలా నడుస్తుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. తండ్రి ఎక్స్ కొడుక్కి వెళ్ళదు.

తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళేది వై. మన గోత్రం, ఇంటిపేరు నడిచే దారీ అదే. పెళ్ళికి ముందు గోత్రం వేరైతే చాలనుకుంటాం. మేనమామ పిల్లల గోత్రం వేరే, కానీ 11వ క్రోమోజోము గోత్రం దారిన నడవదు. ఎవరికైనా ముత్తాత ముత్తవ్వల తరంలో ఎనిమిది మంది ఉంటారు, గోత్రం వాళ్ళలో ఒక్కరి సంగతే చెబుతుంది. మేనరికం దంపతుల బిడ్డకు ఆ ఎనిమిది మంది ఆరుగురే అవుతారు.

లెక్క వేసి చూద్దాం. తాత ఒక్కడే వాహకుడు, బయటి నుంచి వచ్చిన కోడళ్ళు అల్లుళ్ళు కాదు అనుకోండి. ఆయన కొడుక్కీ కూతురికీ చెరి సగం అవకాశం, వాళ్ళ పిల్లలకు నాలుగో వంతు. ఆ బావామరదళ్ళ పెళ్ళయితే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 16లో ఒకటి, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 64లో ఒకటి. అదే మేనమామ మేనకోడలైతే మామకు సగం, కోడలికి నాలుగో వంతు, ఇద్దరికీ కలిపి 8లో ఒకటి, బిడ్డకు 32లో ఒకటి. మేనరికం చేసుకున్న వాళ్ళందరి పిల్లలకూ జబ్బులు రావు, చాలామంది నిక్షేపంగా ఉన్నారు. అయితే పరీక్ష లేకుండా ఆ పెళ్ళి చేయకూడదనే నా అభిప్రాయం, దాన్ని ఎవరి మొహమాటం కోసమూ మార్చుకోను.

చెట్టు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. పిఠాపురంలో పుట్టి, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలోని మేనరికాల మీద పరిశోధన చేసినవారు. 1960లో ఆయన చెవి అంచున వెంట్రుకలు మొలిచే లక్షణం మీద వంశవృక్షాలను ప్రచురించి, ఆ లక్షణం వై మీద ఉందని నిర్ణయించారు. తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక దక్షిణ భారతంలో జరిగిన పరిశోధన ఆ నిర్ణయాన్ని బలపరచలేదు. అంతటివారికే చెట్టు సరిపోనప్పుడు మనకు రక్తపరీక్ష తప్పదు.

పరీక్ష

మొదట మామూలు సి.బి.పి., అంటే రక్తకణాల లెక్క, చేయించండి. అందులో ఎం.సి.వి. అనే అంకె, అంటే ఎర్ర కణం పరిమాణం, 80 కంటే తక్కువ ఉంటే, ఎర్ర కణాల సంఖ్య మాత్రం బాగా ఉంటే అనుమానించాలి. మా వాళ్ళ చెట్టులో ఇప్పటికే నలుపు ఉంది కాబట్టి ఆ అంకెల కోసం ఆగలేదు, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్.పి.ఎల్.సి. పరీక్ష నేరుగా చేయించాం. అందులో హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకం. నాది 5.1. ఇన్నేళ్ళలో దానివల్ల ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఇనుము బాగా తక్కువగా ఉన్నవారిలో ఆ అంకె కొంచెం తగ్గి మోసం చేయవచ్చు, అలాంటప్పుడు ఇనుము సరిచేసుకుని మళ్ళీ చేయించాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే మూడు నెలలు ఆగాలి. అదే పరీక్షలో సికిల్ సెల్ వాహకమూ బయటపడుతుంది. పాడేరు, అరకు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు వారు దీన్ని తప్పక చూసుకోవాలి. ఒకరు తలసీమియా, ఇంకొకరు సికిల్ సెల్ వాహకులైనా బిడ్డకు జబ్బు రావచ్చు.

ఇద్దరిలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు ఈ జబ్బు రాదు, నిశ్చింతగా పెళ్ళి చేయండి. ఇద్దరూ అయితే జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవండి, హైదరాబాద్ బేగంపేటలో జన్యు వ్యాధులకు ప్రత్యేకంగా ఆసుపత్రే ఉంది. దంపతుల డి.ఎన్.ఏ.లో మార్పు ఎక్కడుందో ముందే తెలుసుకుంటే, గర్భం వచ్చాక 11, 12 వారాల్లో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చెప్పగలరు. మా అక్క మూడో కాన్పుకు అలాగే చేయించింది. ఆ అమ్మాయి వాహకురాలు మాత్రమే.

పోయిన ఏడాది వచ్చిన సంబంధంలో అబ్బాయి తల్లికి మా కాగితం చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, తన వైపు ఏడాది లోపు పోయిన ఇద్దరు పిల్లల గురించి చెప్పింది. వారంలో అబ్బాయికి పరీక్ష చేయించారు. ఏ2 2.7 వచ్చింది. ఆ అంకెను, తేదీని అతని చతురస్రం కింద రాశాను.

మీరూ ఫలితాలు అలాగే గుర్తు కిందనే రాయండి, కాగితం మీద పేర్లు మాత్రం వద్దు. అంకెలకు పేర్ల పట్టిక వేరే పుస్తకంలో పెట్టుకోండి. ఎవరో ఫోటో తీసి పంచితే ఆ ఇంటి ఆడపిల్లలే మాటలు పడతారు. వాహకులకు బిడ్డ పుడితే ఏడాది నిండాక పరీక్ష చేయించి ఆ గుర్తునూ నింపండి. అంతకు ముందు చేయిస్తే ఏ2 అంకెను నమ్మలేం.