మూడు నిమిషాల సీను, గంట పాఠం

హన్మకొండలో ఎంఏ తెలుగు, జర్నలిజం చదివే పిల్లలు చూసిన సినిమాలకు లెక్కలేదు. ఒక్క సీనునైనా ఆగి చూడటమే అలవాటు కావాలి. పాఠం చెబుతూ సమీక్షలు రాసేవాళ్లకూ ఇదే సాధన.

మూడు నిమిషాల సీను చాలు. అంతకు మించితే గంట సరిపోదు. మొదట మామూలుగా వేయండి, రెండోసారి సౌండ్ తీసేయండి, మూడోసారి బొమ్మ ఆపి సౌండ్ ఒక్కటే వినిపించండి. సౌండ్ లేనప్పుడు కట్ పడ్డ ప్రతిసారీ, అంటే ఒక షాటు అయిపోయి ఇంకోటి మొదలైన ప్రతిసారీ, నోట్‌బుక్‌లో గీత పెట్టించండి. 180 సెకన్లలో 45 షాట్లుంటే సగటు 4 సెకన్లు, 12 ఉంటే 15. ఎందుకింత తేడా అని అడిగితే చర్చ దానంతటదే నడుస్తుంది. లెక్కలు కలవకపోతే, కెమెరా కదలగానే కొత్త షాటనుకున్నవాళ్లు ఉన్నట్టు. అక్కడికక్కడే సరిదిద్దాలి.

బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమా (1988) ఇందుకు చక్కగా పనికొస్తుంది. మాటలు తక్కువ, దొర ఉండే గడీయే ఎక్కువ మాట్లాడుతుంది. ఈ సినిమా కళాదర్శకత్వానికి జాతీయ అవార్డు అందుకున్న తోట వైకుంఠం ఉమ్మడి కరీంనగర్ జిల్లా బిడ్డ. గదిలో ఏ వస్తువు ఎక్కడుందో, దొర ఎక్కడ కూర్చున్నాడో, దాసి ఎక్కడ నిలబడిందో కాగితం మీద గీయించండి. ఆ బొమ్మే చెబుతుంది, అధికారం గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

పాత సినిమా వెడల్పు తెరకు సాగి ముఖాలు లావుగా కనిపిస్తే ప్లేయర్‌లో 4:3 పెట్టండి. సాగిన బొమ్మతో ఫ్రేము గురించి చెప్పేదంతా తప్పే.

సౌండ్ ఒక్కటే విన్నప్పుడు పాత్ర, వృత్తి, యాస అని మూడు గడులు నింపించాలి. మన తెలంగాణ యాసను ఏళ్లకేళ్లు రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టారని మనం చెప్పడం కన్నా, నాలుగైదు పాత సినిమాల గడులు పక్కపక్కన పెట్టి పిల్లలే పట్టుకోవడం మేలు.

ఇక రాత. 400 మాటల సమీక్షలో కథకు 60 దాటనివ్వకండి. ‘అద్భుతం’ అని రాస్తే కిందనే అది కనిపించిన షాటు చెప్పాలి, లేదా మాట కొట్టేయాలి. హాల్లో ఫోన్ వెలిగించకుండా పెద్ద అక్షరాలతో, పేజీకి రెండు మూడు మాటలు రాసుకుని, బయటికి రాగానే విప్పి రాయాలి. రాత్రికి వాయిదా వేస్తే ఆ గీతలు మనకే అర్థం కావు. మాటలు వినబడకపోతే సినిమా సౌండ్ మిక్సింగ్‌ను తిట్టేముందు ఇంకో హాల్లో కాసేపు వినండి. స్పీకర్ల తప్పు సినిమా మీద పడకూడదు.

దిద్దేటప్పుడు అభిప్రాయానికి మార్కులు వేయొద్దు. మీకు ప్రాణమైన సినిమాను షాటు చూపించి తప్పుపట్టిన విద్యార్థికి, చూపించకుండా పొగిడినవాళ్ల కన్నా ఎక్కువ పడాలి.