సిమ్యులేషన్‌తో జీవశాస్త్రం, 3వ పాఠం: మందు కొట్టినా దోమ ఎందుకు తగ్గలేదు?

పోయిన పాఠంలో పులి, జింకల ఆట ఆడించాం. బాగానే ఉంది కానీ, మన పిల్లల్లో అడవిలో పులిని చూసినవాళ్లు ఎందరు? ఈసారి వరి మడిలోకి దిగుదాం. వరి దుబ్బుల్లో రసం పీల్చే పురుగు సుడిదోమ గురించి రైతుల ఇళ్ల పిల్లలు మనకే పాఠం చెబుతారు. ఆ దోమను తినే సాలీళ్లు కూడా అదే దుబ్బులో ఉంటాయని మాత్రం చాలామంది గమనించరు.

200 చింతపిక్కలు, 10 సెంటీమీటర్ల చదరపు అట్టముక్క, సుద్దముక్క చాలు. నేల మీద 60 సెంటీమీటర్ల చదరం గీయండి. అదే మడి. ఒక్కో పిక్క ఒక్కో దోమ. అట్టను ఒకసారి విసిరితే ఒక సాలీడు వేటాడినట్టు.

100 పిక్కలు, 5 సాలీళ్లతో మొదలుపెట్టండి. పిక్కల్ని మడంతా చల్లి, కళ్లు మూసుకుని అట్ట విసరమనండి. లేకపోతే గుంపు చూసి గురి పెడతారు! గీత బయట పడితే మళ్లీ విసరాలి. అట్ట కింద పడ్డ పిక్కల్ని తీసేయాలి. మూడో, అంతకన్నా ఎక్కువో దొరికితే ఆ సాలీడు బతికి ఒక పిల్లను పెడుతుంది. తక్కువైతే ఆకలితో చస్తుంది. సాలీళ్లన్నీ వేటాడాక, మిగిలిన పిక్కల్ని రెట్టింపు చేయండి, 200 దాటకుండా. మడిలో ఉన్న పైరు అంతకుమించిన దోమను మోయలేదు. (మొదటిసారి నేను ఈ హద్దు పెట్టలేదు. పిక్కలు చాలక గులకరాళ్లు ఏరుకోవాల్సి వచ్చింది.) సాలీళ్లన్నీ చచ్చిపోతే గట్టు మీది నుంచి ఒకటి వచ్చిందనుకోండి. రెండు లెక్కలూ బోర్డు మీద రాస్తూ పది పన్నెండు రౌండ్లు ఆడాలి. మధ్యలో విసుర్లు నలభై దాకా పోతాయి కాబట్టి రెండు పీరియడ్లు పట్టొచ్చు.

గ్రాఫ్ గీస్తే, దోమ తగ్గడం మొదలైన తరవాత కూడా సాలీళ్లు కొంతసేపు పెరుగుతూనే ఉంటాయి. ఆ ఆలస్యం ఎందుకో పిల్లలే చెప్పాలి. మీరు నోరు విప్పొద్దు.

ఇప్పుడు అసలు ఆట. మళ్లీ మొదటి నుంచి. ప్రతి మూడో రౌండులో వేటకు ముందు ‘మందు’ కొట్టండి: దోమల్లో సగం, సాలీళ్లలో సగం తీసేయడం. ఏమవుతుందో ముందే నోటుబుక్కులో రాయించండి. దాదాపు అందరూ ‘దోమ తగ్గుతుంది’ అనే రాస్తారు. ఆడి చూస్తే దోమ రౌండు తిరిగేసరికి మళ్లీ 200 దగ్గరికి వచ్చేస్తుంది. సాలీళ్లు మాత్రం పది పదిహేను దగ్గరే ఆగిపోతాయి, పుంజుకునేలోపే ఇంకో దెబ్బ. మందు కొట్టని ఆటలో ఒక దశలో దోమ బాగా పడిపోయింది కదా, ఈ ఆటలో అది జరగదు.

ఇది ఆటలో మాత్రమే జరిగే వింత కాదు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమలోపల దాగి ఉంటాయి, మందు వాటిని అంతగా తాకదు. పైన తిరిగే సాలీళ్లు చస్తాయి. ఇండోనేషియాలో ఇదే ముదిరి, 1986లో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. ఎరను, దాన్ని వేటాడేదాన్ని ఒకేలా చంపితే లాభపడేది ఎరేనని లెక్క కట్టింది ఇటలీ గణితవేత్త వోల్టెరా, 1926లో. ఆయన్ని ఆ లెక్కకు పురిగొల్పింది ఏడ్రియాటిక్ సముద్రపు చేపలు. వల కూడా మన మందులాంటిదే, రెండు రకాలనూ పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చేపలు పట్టడం తగ్గినప్పుడు, మార్కెట్లకు వచ్చిన చేపల్లో సొరల్లాంటి వేటాడే రకాల వాటా పెరిగింది.

చివర పది నిమిషాలు ఒక ప్రశ్నకు ఉంచండి: ‘ఈ ఆటలో అబద్ధం ఏమిటి?’ సాలీడు దోమ ఒక్కటే తిని బతకదు, వేరే పురుగులూ తింటుంది. దోమ పక్క మడి నుంచి ఎగిరి కూడా వస్తుంది. పిల్లలు చెప్పిన వాటిలో ఒకదాన్ని రూలుగా చేర్చి మళ్లీ ఆడించండి. నా లెక్కలో సిమ్యులేషన్ పాఠం మొదలయ్యేది ఇక్కడే.

గ్రాఫులు పారేయకండి. వచ్చే పాఠంలో నెట్‌లోగో అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి అందులోని తోడేళ్లు, గొర్రెల మోడల్ నడుపుతాం. అది ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఒకసారి గడ్డి లేకుండా, ఒకసారి గడ్డితో నడిపి, వచ్చిన గీతల్ని మన చింతపిక్కల గీతల పక్కన పెట్టి చూద్దాం.