పాత ప్రేమపాట పుట్టుపూర్వోత్తరాలు ఎలా తెలుసుకోవాలి?

మీకు బాగా ఇష్టమైన పాత ఇంగ్లీషు ప్రేమపాట ఒకటి తీసుకోండి. ఎవరి గొంతులో మొదట విన్నామో ఆ పాట వారిదే అనుకుంటాం. చాలాసార్లు ఆ గొంతు మూడోదో నాలుగోదో అయి ఉంటుంది. ఉదాహరణకు ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ని పట్టుకుందాం. 1990 నాటి ‘ఘోస్ట్’ సినిమాలో కుమ్మరి సారె దగ్గరి సన్నివేశం చూసినవారికి ఈ పాట పరిచయమే.

ముందు రాసినవారిని పట్టుకోండి

గాయకుడి పేరుతో వెతకడం మొదలుపెడితే వందల రికార్డింగులు వచ్చిపడి అయోమయం మిగులుతుంది. రికార్డు మధ్యలో అతికించిన గుండ్రటి లేబుల్ మీద, పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చూడండి. ఫోనులో వినేవారికి ఆ వివరాలు పాట తాలూకు ‘క్రెడిట్స్’లో ఉంటాయి. పాట వినగానే ‘రాసింది ఎవరు?’ అని అడగడం మనకు ఎలాగూ అలవాటే. ఈ పాటకు సంగీతం అలెక్స్ నార్త్, సాహిత్యం హై జారెట్. గాయకులు ఎందరు మారినా ఈ రెండు పేర్లు మారవు.

ఏ సందర్భానికి రాశారో కనుక్కోండి

పాట మొత్తం విన్నా ‘అన్‌చెయిన్డ్’ అన్న మాట ఎక్కడా వినిపించదు. అది 1955లో వచ్చిన ఒక సినిమా పేరు. కాలిఫోర్నియాలోని చీనో జైలు చుట్టూ నడిచే కథ అది. అందులో ఒక ఖైదీ ఈ పాట పాడతాడు. కాలం ఎంతకీ కదలడం లేదు, నువ్వింకా నా మనిషివేనా, ఇంటికి వస్తాను, నా కోసం ఎదురుచూడు అని అడుగుతాడు. పెళ్లి విందుల్లో జంటలు చేతులు పట్టుకుని నాట్యమాడే ఈ పాట, ఆ మాట కొస్తే, శిక్ష ముగిసే రోజు కోసం కాచుకున్న మనిషి మొర. ఈ ఒక్క సంగతి తెలిశాక పాట మునుపటిలా వినిపించదు. అందుకే ఈ మెట్టును మాత్రం దాటేయవద్దు.

మొదట పాడినవారు, మొదట గెలిచినవారు ఎవరెవరు?

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. తెర మీద ఖైదీగా పాడినవారు టాడ్ డంకన్. 1935లో అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం) ‘పోర్గీ అండ్ బెస్’లో పోర్గీ పాత్రను తొలిసారి వేసింది ఆయనే. అయినా పాటను ఇంటింటికీ చేర్చినవారు వేరు. అదే 1955లో అమెరికాలో లెస్ బాక్స్‌టర్ వాద్యబృందం, ఆల్ హిబ్లర్, రాయ్ హామిల్టన్ పోటాపోటీగా రికార్డులు విడుదల చేశారు. బ్రిటన్‌లో జిమ్మీ యంగ్ రికార్డు అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒకే పాటను నలుగురైదుగురు ఒకేసారి పాడి అమ్ముకోవడం ఆ రోజుల్లో మామూలు వ్యవహారం.

ఇలాంటి తేదీల కోసం అమెరికాకు బిల్‌బోర్డ్ పట్టికలు, బ్రిటన్‌కు అఫీషియల్ చార్ట్స్ చూడండి. ఎవరెవరు మళ్లీ పాడారో తెలుసుకోవడానికి సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్, లేబుళ్ల ఫోటోలకు డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్లు పనికొస్తాయి. వీడియోల కింద అభిమానులు రాసే చరిత్రను మాత్రం మరోచోట సరిచూడకుండా నమ్మకండి.

ఏ ఒక్క అంశాన్నో పట్టుకుని వరుసగా వినండి

అన్నీ ఒకేసారి గమనించాలనుకుంటే ఏదీ పట్టుబడదు. ‘నీ ప్రేమ నాకు కావాలి’ అన్న అర్థం వచ్చే పంక్తిని ఎవరు ఎలా పలికారో చూడండి, చాలు. 1965 నాటి రైటియస్ బ్రదర్స్ అనే గాయక జంట రికార్డులో పేరుకు ఇద్దరున్నా ఈ పాట పాడింది బాబీ హాట్‌ఫీల్డ్ ఒక్కరే. చివరిసారి ఆ పంక్తికి వచ్చినప్పుడు ఆయన గొంతు ఒక్కసారిగా పై స్థాయికి లేస్తుంది. తర్వాత పాడిన చాలామంది ఆ ఎత్తును అందుకోవాలని చూసినవారే. ఆ తర్వాత 1977లో ఎల్విస్ ప్రెస్లీ పియానో ముందు కూర్చుని, తానే వాయించుకుంటూ వేదిక మీద పాడినది వినండి. ఆరోగ్యం దెబ్బతిన్న మనిషి ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని పాడడం తెలిసిపోతుంది. నైపుణ్యంలో హాట్‌ఫీల్డ్‌దే పైచేయి. నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం ఎల్విస్ పాటే.

1965 రికార్డు అసలు రెండో వైపు పాట. మొదటి వైపున వేరే పాట ఉన్నా, రేడియోవాళ్లు రికార్డు తిరగేసి దీన్నే వేశారు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ అని చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, ఆ పని చేసింది తానేనని జంటలో రెండో గాయకుడు బిల్ మెడ్లీ చెప్పారు. ఇలాంటి చోట ఎవరు ఏమన్నారో రెండూ రాసిపెట్టుకోవాలి. తీర్పు చెప్పే బాధ్యత మనది కాదు.

పేరొకటే, రికార్డులు రెండు

కొత్తగా వెతికేవారు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ‘ఘోస్ట్’ తర్వాత 1965 రికార్డు మళ్లీ అమ్మకానికి వచ్చింది. అదే సమయంలో రైటియస్ బ్రదర్స్ పాటను కొత్తగా రికార్డు చేశారు. 1990లో అమెరికాలో ఆ రెండూ ఒకేసారి తొలి ఇరవైలో నిలిచాయి. బ్రిటన్‌లో 1965 నాటి పాత రికార్డే మొదటి స్థానం కొట్టింది. మీ ఫోనులో ఉన్నది ఏదో తేల్చుకోవాలంటే ఆల్బమ్ పేరు, నిడివి, ‘పి’ అక్షరం చుట్టూ సున్నా ఉన్న గుర్తు పక్కన అచ్చయిన సంవత్సరం చూడండి. సంకలనాల్లో ఆ సంవత్సరం కూడా మోసం చేయవచ్చు. అనుమానం వస్తే రెండింటినీ పక్కపక్కన వినండి. పాతికేళ్ల తేడా గొంతులోనే తెలుస్తుంది.

ప్రతి రికార్డుకు ఒక వరుస

ఇక కాగితం మీద గీతలు గీసి సంవత్సరం, గాయకుడు, ఎందుకు పాడారు, ఎంతవరకు వెళ్లింది అని నాలుగు గళ్లు పెట్టండి. బ్రిటన్‌లో ఈ పాట నాలుగు వేర్వేరు రికార్డులతో మొదటి స్థానానికి వచ్చింది. 1955, 1990 సంగతి పైన చూశాం. 1995లో రాబ్సన్, జెరోమ్ అనే ఇద్దరు నటులు ఒక టీవీ ధారావాహికలో పాడాక రికార్డు చేశారు. 2002లో టీవీ పాటల పోటీలో రెండో స్థానంలో నిలిచిన గారెత్ గేట్స్ పాడారు. ‘ఎందుకు పాడారు’ అన్న గడిని పైనుంచి కిందికి చదవండి: సినిమా, సినిమా, టీవీ, టీవీ. తర్వాత మీ పాటకు ఇదే గడి నింపేటప్పుడు ముందుగా ఆ సంవత్సరాల సినిమాలు, టీవీ కార్యక్రమాలు వెతకండి. సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.