కొత్త నల్లిని జాతిగా వర్ణించడం: బొడిపె నుంచి హోలోటైపు దాకా

విశాఖలో రోడ్ల పక్కన కానుగ చెట్లకు కొదవ లేదు, వాటి ఆకుల మీద బొడిపెలకూ కొదవ లేదు. లేత బొడిపె ఒకటి తీసుకుని సూదితో చీల్చి, స్టీరియో మైక్రోస్కోపు కింద నలభై రెట్లు పెంచి చూడండి. లోపలి గోడను అంటిపెట్టుకుని, పాలిపోయిన తెలుపులో, సన్నని పురుగుల్లా మెల్లగా పాకే జీవులు కనిపిస్తాయి. పొడవు 0.2 మిల్లీమీటరుకు అటూ ఇటూ. నల్లి (మైట్, మంచాల్లో ఉండే నల్లి కాదు) అనగానే ఎనిమిది కాళ్లు వెతుకుతాం గానీ వీటికి నాలుగే, అవీ తల వైపే. ఇవి ఈరియోఫిడ్ నల్లులు. కొబ్బరి పిందె ముచ్చిక కింద చేరి కాయ మీద గోధుమ రంగు పగుళ్లు తెచ్చేదీ ఈ కుటుంబానిదే.

బొడిపె కనిపించినంత మాత్రాన కొత్త జాతి దొరికినట్టు కాదు. కానుగ బొడిపెల నల్లికి ఎప్పుడో పేరు పెట్టేశారు. పైగా ఒకే బొడిపెలో రెండు మూడు రకాలు ఉండటం మామూలే: బొడిపె కట్టినది ఒకటి, ఖాళీ చోటు చూసి చేరినది ఇంకొకటి, వీటిని తినడానికి వచ్చిన ఎనిమిది కాళ్ల నల్లి మరొకటి. అందుకే మూయబడి ఉన్న లేత బొడిపెలు కనీసం పది విప్పి, అన్నింటిలోనూ గుంపుగా ఉన్నది ఏదో చూసుకోవాలి. పాతబడి నోరు తెరుచుకున్న బొడిపెల్ని నమ్మకండి.

సేకరణ

విశాఖ దగ్గరి కంబాలకొండ అభయారణ్యం కాబట్టి అక్కడ ఆకు తుంచాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. ఆకుల్ని టిష్యూ పేపరులో చుట్టి జిప్ కవరులో వేసి ఐస్ బాక్సులో తెచ్చుకోండి. కవరులో నీటి చుక్కలు పేరుకుంటే నల్లులు అందులో మునిగి పాడవుతాయి. వచ్చిన వెంటనే మూడు వాటాలు చేయాలి. కొన్ని ఆకులు కాగితాల మధ్య ఆరబెట్టాలి, కొన్ని నల్లులు 70 శాతం ఆల్కహాలులో ఉంచాలి, డీఎన్ఏ కోసం ఇంకొన్ని 95 శాతం ఆల్కహాలులో మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టాలి.

చెట్టు పేరు ఊహించి రాయొద్దు. పువ్వో కాయో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించి పేరు ఖాయం చేయించుకోండి. ఈరియోఫిడ్‌లలో చాలా వరకు ఒకే మొక్కకో, దాని దగ్గరి బంధువులకో కట్టుబడి ఉంటాయి. చెట్టు పేరు తప్పితే మీరు పోల్చే జాతుల జాబితా మొత్తం తప్పుతుంది.

స్లైడు

పని మొత్తంలో సగం ఇక్కడే ఉంది. మంచి స్లైడు లేనివాళ్లు కొత్త జాతి మాట ఎత్తకపోవడమే మంచిది.

నల్లిని స్లైడు మీద నిలిపి ఉంచే హోయర్ ద్రావణం పాళ్లు ఇవి: డిస్టిల్డ్ వాటర్ 50 మిల్లీలీటర్లు, తేటగా ఉన్న తుమ్మజిగురు పలుకులు 30 గ్రాములు, క్లోరల్ హైడ్రేట్ 200 గ్రాములు, గ్లిజరిన్ 20 మిల్లీలీటర్లు. ఇదే వరసలో కలపాలి. జిగురు ఒక రోజంతా నానాలి, తర్వాత క్లోరల్ హైడ్రేట్ వేసి పూర్తిగా కరిగేదాకా ఆగాలి, గ్లిజరిన్ చివర్లో. తొందరపడి పొయ్యి ఎక్కించొద్దు. గ్లాస్ వూల్‌తో వడకట్టి గట్టి మూత ఉన్న సీసాలో పోయండి. క్లోరల్ హైడ్రేట్ విషం. చేతికి గ్లవ్స్ ఉండాలి, గాలి ఆడే చోటే తూచాలి.

నల్లిని ఎత్తడానికి టూత్‌పిక్ కొనకు ఒక కనురెప్ప వెంట్రుక అంటించుకోండి, ఉక్కు సూది కంటే ఇదే నయం. ముందు నల్లిని లాక్టిక్ ఆమ్లంలో 45 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే లోపలి పదార్థం కరిగి చర్మం తేటపడుతుంది. కాళ్ల కీళ్లు విడిపోతున్నాయంటే ఎక్కువసేపు ఉంచారని అర్థం. తర్వాత స్లైడు మీద గుండుసూది తలంత హోయర్ చుక్క, అందులో ఒకే ఒక నల్లి, పైన 12 మిల్లీమీటర్ల గుండ్రటి కవర్ స్లిప్. చుక్క ఎక్కువైతే నల్లి అంచుకు కొట్టుకుపోతుంది. తక్కువైతే కవర్ స్లిప్ బరువుకు నలిగి, వీపు కవచం ఉన్నదానికంటే వెడల్పుగా కొలతకొస్తుంది. వీపు పైకి, పొట్ట పైకి, పక్కకు తిరిగి ఉన్నవి, మూడు రకాల స్లైడ్లూ కావాలి. ఒక్క స్లైడులో అన్నీ కనిపించవు.

ఇక మన ఊరి గాలి సంగతి. హోయర్ నీటిలో కరిగే ద్రావణం. స్లైడు పాడైతే నీటితో విప్పి మళ్లీ కట్టుకోవచ్చు, అది దాని సుగుణం. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఆ సుగుణమే ఇబ్బంది కూడా. బల్ల మీద వదిలేసిన స్లైడు వానాకాలంలో ఆరదు సరికదా, ఆరినది కూడా తేమ పీల్చి మెత్తబడుతుంది. ఆపై ఆయిల్ లెన్సు తాకగానే కవర్ స్లిప్ జారుతుంది, నల్లి నలుగుతుంది. కాబట్టి 45 నుంచి 50 డిగ్రీల ఓవెన్‌లో కనీసం రెండు వారాలు ఆరబెట్టి, అప్పుడు అంచు చుట్టూ గ్లిప్టాల్ (ఒక రకం వార్నిష్) గానీ నెయిల్ పాలిష్ గానీ రెండు పూతలు వేయండి. ఆరకముందే పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది. స్లైడ్లను సిలికా జెల్ వేసిన డబ్బాలో పడుకోబెట్టి దాచండి, నిలబెడితే నల్లి మెల్లగా కిందికి జారుతుంది.

చూడటం, కొలవడం

ఫేజ్ కాంట్రాస్ట్ (పారదర్శకమైన వాటి అంచుల్ని తేటగా చూపే ఏర్పాటు), 100 రెట్ల ఆయిల్ లెన్సు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కొలిచే ముందు ఐపీస్ గీతల్ని స్టేజ్ మైక్రోమీటరుతో (కొలత గీతలు చెక్కిన స్లైడు) సరిచూసుకోండి, అందులో ఒక్కో గీత మధ్య దూరం 10 మైక్రాన్లు. లెన్సు మారిస్తే లెక్కా మారుతుంది. ఆడ నల్లులు కనీసం పదింటిని కొలిచి, హోలోటైపు (జాతి పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒక్క నమూనా) కొలత ముందు, మిగతావాటి కనిష్ఠ గరిష్ఠాలు తర్వాత రాయడం పద్ధతి. కవచం మీది గీతల అమరిక, వీపు వైపు పొట్ట వైపు వలయాల సంఖ్య, ఒక్కో రోమం పొడవు, జననాంగ మూత మీది గీతలు, కాలి చివర ఈకలాంటి గోరుకు ఎన్ని కిరణాలు: ఇవన్నీ కావాలి. కిరణాలు ఐదా ఆరా అన్న దాని మీదే రెండు జాతులు విడిపోవచ్చు. ఒక్క నల్లిలో లెక్కపెట్టి ఊరుకోకండి.

బొమ్మ చేత్తో గీయాల్సిందే. ఫొటోలో ఒక్క లోతే తేటగా వస్తుంది, ఫోకస్ తిప్పుతూ పది లోతుల్లో చూసినదంతా ఒక్కచోటికి చేర్చగలిగేది గీతే. కెమెరా లూసిడాతో (మైక్రోస్కోపులోని బొమ్మ కాగితం మీద కనిపించేలా చేసే పరికరం) పెన్సిల్ గీత, పైన ఇంకు.

ఒక ఉచ్చు ఉంది. కొన్ని ఈరియోఫిడ్‌లలో ఆడవి రెండు రూపాల్లో ఉంటాయి, ఆకు రాలే కాలాన్ని దాటడానికి పుట్టే రెండో రూపం పూర్తిగా వేరే జాతిలా కనిపిస్తుంది. ఒక్క నెల నమూనాతో పేరు పెట్టేయకుండా, కొత్త చిగురు మీదా ముదురాకు మీదా కూడా చూడండి. మగవి కనిపిస్తే వాటినీ వర్ణించండి. సాలె నల్లుల్లోనైతే మగది తప్పనిసరి, దాని జననాంగం ఆకారం మీదే జాతి తేలుతుంది కాబట్టి పక్కకు తిప్పి స్లైడు కట్టాలి.

పేరు, హోలోటైపు

1999 తర్వాత వచ్చే పేర్లకు అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం హోలోటైపు ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. హోలోటైపు ఒక్క జీవే. స్లైడులో రెండు మూడు నల్లులు ఉంటే ఏదో ఒకదాని చుట్టూ గుర్తు పెట్టాలి. చీటీ మీద దేశం, రాష్ట్రం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, చెట్టు, తేదీ, సేకరించినవారి పేరు ఉండాలి. నెలను రోమన్ అంకెల్లో రాస్తే 3/4 మార్చా ఏప్రిలా అన్న గొడవ రాదు.

దగ్గరి జాతులతో తేడాను కొలతలతో సహా చెప్పండి. 1924లో నల్లుల మీద పనిచేసిన హర్స్ట్ కోయంబత్తూరు కొబ్బరాకుల మీది నల్లిని రావోయెల్లా ఇండికాగా వర్ణించాడు. అదే నల్లి 2004లో కరీబియన్ దీవి మార్టినిక్‌లో బయటపడింది. ఎనభై ఏళ్ల తర్వాత, మరో ఖండం అవతల, ముఖం తెలియనివాళ్లు మీ వర్ణనతో తమ నల్లిని పోల్చుకోవాలి. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని ప్రతి వాక్యం రాయండి.

ఊరి పేరు పెడితే విశాఖపట్నమెన్సిస్ లాంటి రూపం వస్తుంది. ఇది పుంలింగ ప్రజాతికీ (జీనస్‌కూ) స్త్రీలింగ ప్రజాతికీ ఒకేలా సరిపోతుంది. గుణవాచకాలు పెడితే ప్రజాతి లింగాన్ని బట్టి ముగింపు మార్చాలి. ఆ ప్రజాతిలో అదే పేరు ముందే ఉందేమో వెతుక్కోండి.

జీవవైవిధ్య చట్టం 2002, 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి నమూనాలు అప్పగించాలి. జంతువులకు కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. ఆన్‌లైన్ పత్రికలోనైతే జూబ్యాంకు (జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టరు) నమోదు సంఖ్య ప్రచురణకు ముందే తెచ్చుకుని, వ్యాసంలోనే అచ్చు వేయించాలి. 2012 నుంచి ఇది లేని ఎలక్ట్రానిక్ ప్రచురణలో పెట్టిన పేరు చెల్లదు.