పాత డౌన్‌హిల్ బైక్ చిన్నదైందా? మార్చే ముందు, మార్చాక చూసుకోవాల్సినవి

సియాటెల్, వాంకూవర్ వైపు ఉంటూ వేసవిలో విస్లర్ బైక్ పార్క్‌కి వెళ్లే మనవాళ్లలో కొందరి దగ్గర ఇప్పటికీ 26 అంగుళాల చక్రాల పాత డౌన్‌హిల్ (కొండ దిగడానికే చేసిన) బైకులే ఉన్నాయి. రెండు సీజన్లు తిరిగాక "ఇది నాకు చిన్నదైపోయింది, మార్చేస్తా" అంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే సాగ్ (మనిషి ఎక్కి నిలబడగానే సస్పెన్షన్ ఎంత దిగుతుందన్న లెక్క) కొలిచారా అని అడిగితే మాత్రం ఎవరూ సమాధానం చెప్పరు. అయిదు నిమిషాల పని అది. దాన్ని వదిలేసి వేల డాలర్లు పెట్టి కొత్త బైక్ కొన్నవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను. సస్పెన్షన్‌కి గాలి కొట్టడం, స్ప్రింగ్ మార్చడం, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) విప్పి బిగించడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

నిటారు దిగుడులో ముందుకు పడిపోతున్నట్టు ఉంటే

ముందు సాగ్ చూడండి. హెల్మెట్, బాడీ ఆర్మర్, బూట్లు, నీళ్ల బ్యాగు, అన్నీ వేసుకున్నాకే కొలవాలి. సీటు మీద కూర్చోకూడదు. పెడల్స్ మీద నిలబడి, మోచేతులు వంచి, దిగేటప్పుడు ఎలా ఉంటారో అలా ఉండాలి. ఒకరు బైక్ పట్టుకుంటే ఇంకొకరు టేపుతో కొలుస్తారు. కాయిల్ షాక్‌కి రబ్బరు రింగు ఉండదు కాబట్టి, పైబోల్టు మధ్య నుంచి కిందిబోల్టు మధ్యకు దూరం కొలవండి. ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి. ఈ రెండింటి తేడాయే సాగ్. అది షాక్ స్ట్రోక్‌లో, అంటే షాక్ మొత్తం కుదించుకునే దూరంలో, 30 శాతం దరిదాపుల్లో ఉండాలి. 76 మి.మీ. స్ట్రోక్ అయితే దాదాపు 23 మి.మీ. 200 మి.మీ. ఫోర్క్ అయితే ముందు వైపు 40 మి.మీ. చుట్టుపక్కల చాలు.

వెనక షాక్ గట్టిగా, ముందు ఫోర్క్ మెత్తగా ఉంటే బైక్ ఎప్పుడూ ముక్కు కిందికి పెట్టుకునే నడుస్తుంది. దాన్నే చాలామంది "బైక్ చిన్నది" అనుకుంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బైక్‌కి పాత ఓనర్ బరువుకు సరిపోయిన స్ప్రింగే ఉంటుంది, మీ బరువుకు కాదు. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచే రింగు) తిప్పి సరిచేద్దామని చూడొద్దు. రెండు చుట్లు దాటి తిప్పాల్సి వస్తోందంటే స్ప్రింగ్ మార్చాలి.

డబుల్ క్రౌన్ ఫోర్క్ (కాళ్లను పైనా కిందా రెండు క్రౌన్‌లు, అంటే బిగింపులు, పట్టుకునేది) అయితే ఇంకొకటి కూడా చూడండి. ఫోర్క్ కాళ్లు క్రౌన్‌లలో ఎంత పైకి బిగించి ఉన్నాయో గమనించండి. పైకి జరిగి ఉంటే ముందు భాగం కిందికి దిగి, హెడ్ యాంగిల్ (ఫోర్క్ వాలు) నిటారుగా అవుతుంది. కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే మార్చండి. మార్చాక ఫోర్క్‌లో గాలి తీసేసి పూర్తిగా నొక్కి, టైరు కింది క్రౌన్‌కి గానీ ఫ్రేమ్‌కి గానీ తగలడం లేదని చూసుకోండి. ఇందులో బద్ధకం పనికిరాదు, తగిలితే చక్రం ఆగిపోతుంది.

సాగ్ సరిగ్గానే ఉన్నా మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే

అప్పుడు బైక్ నిజంగానే చిన్నది. పాత డౌన్‌హిల్ ఫ్రేముల్లో లార్జ్ సైజుకి కూడా రీచ్ (పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి ముందుకు ఫ్రేమ్ పొడవు, వివరం కింద ఉంది) 400 నుంచి 430 మి.మీ. మధ్యే ఉండటం మామూలు. ఇప్పటి లార్జ్‌లు 450 నుంచి 490 దాకా ఉంటున్నాయి. పొడవు స్టెమ్ వేసి సర్దుకుందామనుకోకండి. చేతులు ముందుకు జరుగుతాయి గానీ ముందు చక్రం అక్కడే ఉంటుంది. బరువంతా దాని మీదకు పోయి, మొదటి ఫిర్యాదే ఇంకా పెద్దదవుతుంది. ఇక్కడ బైక్ మార్చడమే దారి.

కొత్త బైక్ వచ్చాక, చదునైన మలుపుల్లో ముందు చక్రం జారుతుంటే

అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడే.

గట్టు ఉన్న బెర్మ్‌లలో బైక్ బ్రహ్మాండంగా తిరుగుతుంది. విస్లర్‌లోని ఏ-లైన్ లాంటి ట్రాక్ మీద ఏ లోపమూ కనబడదు. గట్టు లేని మలుపు, దుమ్ము పట్టిన నేల వచ్చేసరికి ముందు టైరు పక్కకి జారిపోతుంది. అప్పుడు టైరు మారుస్తారు, గాలి తగ్గిస్తారు, ఫోర్క్‌లో ప్రెజర్ మారుస్తారు. సమస్య ఎప్పటిలాగే ఉంటుంది, ఎందుకంటే దాని మూలం టైరులో లేదు. కొన్న రోజున రెండు బైకుల రీచ్ అంకెలు పక్కపక్కన పెట్టి తీసేసినప్పుడే అది మొదలైంది.

రీచ్ అంటే క్రాంక్ యాక్సిల్ (రెండు పెడల్స్ తిరిగే ఇరుసు) మధ్య నుంచి నిట్టనిలువుగా గీసిన గీతకూ, హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) పైభాగం మధ్యకూ ఉండే అడ్డదూరం. ఆ పైభాగం యాక్సిల్ కంటే ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్. హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పైకి వెళ్లే కొద్దీ అది వెనక్కి వస్తుంది. 63, 64 డిగ్రీల హెడ్ యాంగిల్ దగ్గర 10 మి.మీ. ఎత్తుకు దాదాపు 5 మి.మీ. వెనక్కి. అంటే స్టాక్ వేరువేరుగా ఉన్న రెండు ఫ్రేముల రీచ్ అంకెలను నేరుగా పోల్చకూడదు.

ఒక లెక్క చూద్దాం. పాత 26 అంగుళాల బైక్ రీచ్ 425, స్టాక్ 590 అనుకోండి. కొత్త 29 అంగుళాల బైక్ రీచ్ 465, స్టాక్ 635. చార్ట్ చూస్తే 40 మి.మీ. తేడా, "ఒక సైజు పెరిగింది, బాగుంది" అనిపిస్తుంది. కానీ పాత బైక్ మీద మీ చేతుల్ని అదే 635 ఎత్తుకు తీసుకొస్తే దాని రీచ్ 403 దగ్గరికి పడిపోతుంది. అసలు తేడా 62 మి.మీ. మీరు అనుకున్నదానికి ఇది ఒకటిన్నర రెట్లు. శరీరం వెనకే ఉండిపోతుంది, ముందు చక్రం మీద బరువు పడదు, గట్టు లేని చోట అది జారుతుంది.

26 నుంచి 29కి మారేవాళ్లకే ఇది ఎక్కువగా తగలడానికి కారణం ఉంది. పెద్ద చక్రానికి పొడవైన ఫోర్క్ కావాలి, దాంతో స్టాక్ పెరుగుతుంది. 2017లో ఫోర్ట్ విలియమ్ వరల్డ్ కప్‌ను గ్రెగ్ మినార్ 29 అంగుళాల చక్రాల బైక్ మీద గెలిచాడు. 2019 నుంచి ముందొక సైజు, వెనకొక సైజు చక్రం వాడటానికి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ అనుమతించింది. పదేళ్ల నాటి బైక్ నుంచి ఇప్పటిదానికి దూకుతున్నారంటే ఈ మార్పులన్నీ ఒకేసారి మీ మీద పడతాయి. దానికి తోడు కొన్ని కంపెనీలు అన్ని సైజులకూ ఒకే చైన్‌స్టే (క్రాంక్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే గొట్టం) పొడవు ఇస్తాయి. ముందు భాగం పొడవై వెనక భాగం పొట్టిగానే ఉంటే, మనిషి బరువు ఇంకా వెనక చక్రం వైపే ఉంటుంది.

చార్ట్ దొరకని పాత బైక్‌కి గోడ చాలు. చదునైన నేల మీద బైక్ నిటారుగా నిలబెట్టి, వెనక చక్రం గోడకు ఆనించండి. గోడ నుంచి క్రాంక్ యాక్సిల్ మధ్యకు దూరం, గోడ నుంచి రెండు గ్రిప్‌ల మధ్య గీతకు దూరం కొలవండి. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మీ చేతులు కాళ్ల కంటే ఎంత ముందున్నాయో వస్తుంది. నేల నుంచి గ్రిప్ ఎత్తు, నేల నుంచి యాక్సిల్ ఎత్తు కూడా అలాగే తీసుకోండి. ఈ రెండు తేడాలనూ కాగితం మీద రాసుకుని కొత్త బైక్ చూడటానికి వెళ్లండి, అక్కడా ఇలాగే కొలవండి. స్టెమ్, హ్యాండిల్ రైజ్, స్పేసర్లు అన్నీ ఈ లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకే సైజు స్టిక్కర్ కంటే దీన్నే నమ్ముతాను.

ఇప్పటికే కొనేశారా? ముందు హ్యాండిల్ ఎత్తు తగ్గించండి. 40 మి.మీ. రైజ్ బార్ ఉంటే 20 మి.మీ.ది వేయండి, స్టెమ్ కింద స్పేసర్లు ఉంటే తీసేయండి. బరువు ముందుకు వస్తుంది. ఒక రోజంతా తొక్కి చూడండి. అయినా చేతులు సాగదీసినట్టు ఉంటే 50 మి.మీ. స్టెమ్ బదులు 35 లేదా 40 వేయండి. ఫ్రేమ్‌లో చైన్‌స్టే పొడవు మార్చే వీలుంటే పొడవైన స్థానంలో పెట్టండి, ఇది చాలామందికి గుర్తుండదు గానీ బాగా పనిచేస్తుంది. కొన్ని హెడ్ ట్యూబ్‌లకు రీచ్ అటూ ఇటూ మార్చే హెడ్‌సెట్ కప్పులు కూడా దొరుకుతాయి. ఇవన్నీ చేశాక కూడా చక్రం జారుతూనే ఉంటే సైజు తప్పు. సీజన్ మధ్యలోనే అమ్మేసి చిన్న సైజు తీసుకోండి, శీతాకాలంలో ధర పడిపోతుంది.

రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే నా సలహా ఒక్కటే. పార్క్‌లో జంపులు, మలుపులు ఎక్కువ తొక్కేవాళ్లు చిన్నది తీసుకోండి. రాళ్లు, వేర్లు ఉన్న వేగమైన దారులు ఇష్టమైతే పెద్దది.

పాత స్ప్రింగ్ గట్టిదనం నంబరే కొత్తదానికీ వేస్తే

"పాతదానికి 450 స్ప్రింగ్ ఉండేది, కొత్తదానికీ 450 ఆర్డర్ పెట్టా" అంటారు. అలా కుదరదు. చక్రం కదిలే దూరాన్ని షాక్ స్ట్రోక్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఫ్రేమ్‌ని బట్టి మారుతుంది. 200 మి.మీ. ట్రావెల్‌కి 89 మి.మీ. స్ట్రోక్ ఉంటే 2.25, 76 మి.మీ. ఉంటే 2.63. నిష్పత్తి పెరిగితే అదే మనిషికి గట్టి స్ప్రింగ్ కావాలి. కొత్త బైక్ ఇంటికి రాగానే సాగ్ మళ్లీ మొదటి నుంచి కొలవండి. చక్రాలు కూడా పాతవి పట్టవు. వెనక హబ్ 150 మి.మీ.దా 157దా, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు కూర్చునే చోటు) వెడల్పు ఎంత అని చూసుకున్నాకే పాత విడిభాగాలు దాచుకోండి.

చేతులు బిగుసుకుపోతుంటే

సైజుని తిట్టే ముందు బ్రేక్ లీవర్లు చూడండి. ఒక వేలితో అందేలా దగ్గరికి తిప్పుకోండి. పొడవైన బైక్‌కి మారినవాళ్లు 800 మి.మీ. హ్యాండిల్‌ని అలాగే ఉంచేస్తారు. పొట్టివాళ్లయితే రెండు వైపులా 10 మి.మీ. చొప్పున కోయించండి, ముందు గ్రిప్‌లను లోపలికి జరిపి తొక్కి చూశాకే. ఫోర్క్ రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉన్నా ఇదే నొప్పి వస్తుంది. విస్లర్‌లో మధ్యాహ్నానికి బ్రేకింగ్ గుంతలు పడ్డాక వరుస దెబ్బలకు ఫోర్క్ తిరిగి పైకి లేవలేక కిందే ఉండిపోతుంది. రెండు క్లిక్‌లు వేగం పెంచి చూడండి.

ఫ్రేమ్ వంగడం, హెడ్‌సెట్ కప్పు వంకరగా కూర్చోవడం, చక్రం మధ్య గీత తప్పడం కూడా ఉంటాయి గానీ అరుదు. చేతులు వదిలితే బైక్ ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటేనే షాపులో చూపించండి.