పాత ఫొటో స్కాన్ చేస్తే ప్రింటులో చేతులు తెగిపోయాయి

మా అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్‌లో ఒక తలంబ్రాల ఫొటో ఉంది. నిలువు ఫొటో, 3.5×5 అంగుళాలు. దాన్ని స్కాన్ చేసి 8×10 ఫ్రేముకి ప్రింటు వేయిస్తే అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, తలంబ్రాలు మాత్రం రాలేదు. పైకెత్తిన దోసిళ్ళు మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. ల్యాబు వాళ్ళతో పోట్లాటకి బయల్దేరి, లెక్క వేసి చూసుకుని ఆగిపోయాను. తప్పు నాదే.

సమస్య: అంచులు తెగిపోయాయి

కారణం: సైజు కాదు, ఆకారం. 3.5×5 ఫొటోలో ఎత్తు వెడల్పుకి 1.43 రెట్లు. 8×10లో 1.25 రెట్లే. కొత్త కాగితం పాతదానికన్నా బొద్దుగా ఉందన్నమాట. అది పూర్తిగా నిండాలంటే పైనో కిందో కొంత పోక తప్పదు. మనం ఏమీ చెప్పకపోతే మెషీన్ సాధారణంగా మధ్య భాగం ఉంచి రెండు చివర్లా సమానంగా కోసేస్తుంది. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, నా స్కాన్ 2100×3000 పిక్సెళ్ళు. 8×10 ఆకారంలో అందులో 2100×2625 మాత్రమే పడుతుంది. మిగతా 375 పిక్సెళ్ళు, అంటే అసలు ఫొటో మీద అర అంగుళం పైనే, గల్లంతు.

పరిష్కారం: ఏది పోవాలో మీరే తేల్చుకోండి. క్రాప్ టూల్‌లో నిష్పత్తిని 4:5 దగ్గర లాక్ చేసి, పెట్టెను పైకి జరిపితే చేతులు దక్కుతాయి, కింద పీటలు పోతాయి. పీటలు కూడా కావాలంటే ఫ్రేము మార్చండి. 3.5×5కి దగ్గరి చుట్టం 5×7. పెద్దదే కావాలంటే 8×12 నయం, పక్కల 100 పిక్సెళ్ళతో సరిపెట్టుకుంటుంది.

నాకు ఏదీ వదలబుద్ధి కాలేదు, ఫ్రేము అప్పటికే కొనేశాను. అందుకని ఫొటోని ముట్టుకోకుండా దాని చుట్టూ కాగితం పెంచాను. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్వాస్ సైజ్’కి వెళ్ళి 2560×3200 ఇచ్చి, ఫొటోని మధ్యలో పెట్టాను. 8×10 మీద పక్కల ముప్పావు అంగుళం లోపు, పైనా కిందా పావు అంగుళానికి కాస్త ఎక్కువ అంచు వస్తుంది. పైనా కిందా అంచు ఎందుకంటే, ఫ్రేము చెక్క కింద దాదాపు పావు అంగుళం దాక్కుంటుంది. అది వదలకపోతే దోసిళ్ళు ఈసారి చెక్క కిందికి పోతాయి. అంచుకి తళతళలాడే తెలుపు వేయకండి. పాత ఫొటో అంచు మీద కలర్ పికర్‌తో నొక్కి ఆ మీగడ రంగే నింపండి.

ఇంత చేసినా, ల్యాబులో ‘క్రాప్ చేయొద్దు, బోర్డర్‌లెస్ వద్దు’ అని నోటితో చెప్పాల్సిందే. బోర్డర్‌లెస్ ప్రింటులో కాగితం నిండటానికి బొమ్మను కొద్దిగా పెద్దది చేసి అంచులు కోస్తారు.

సమస్య: ముఖాలు బూరెల్లా ఉబ్బాయి

కారణం: రీసైజ్ పెట్టెలో వెడల్పు, ఎత్తు రెండూ మీరే టైప్ చేశారు. ఆ రెంటి నిష్పత్తి మారకుండా పట్టి ఉంచే, పక్కనుండే గొలుసు బొమ్మ తెగి ఉంది.

పరిష్కారం: ఉబ్బినదాన్ని మళ్ళీ లాగి సరిచేయబోకండి. అసలు స్కాన్ తెరిచి, గొలుసు కలిపి, ఒక్క కొలతే ఇవ్వండి. ముందు క్రాప్, తర్వాతే రీసైజ్.

సమస్య: ప్రింటు మసగ్గా ఉంది

కారణం: పిక్సెళ్ళు చాలలేదు. ఇదే ఫొటోని 300 డీపీఐలో స్కాన్ చేస్తే వచ్చేది 1050×1500. 8×12 మీద అంగుళానికి 125 పిక్సెళ్ళే దక్కుతాయి. లేదా స్కాన్ బాగానే ఉన్నా వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి ఉంటారు, అది కుదించేస్తుంది.

పరిష్కారం: 600లో మళ్ళీ స్కాన్ చేసి, డాక్యుమెంట్‌గానో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వండి. ఫైల్లో 125 చెరిపి 300 అని రాస్తే అంకె మారుతుంది, ఫొటో మారదు. 1200లో స్కాన్ చేసినా కాగితం ప్రింటు నుంచి ఎక్కువగా వచ్చేది నలుసులే.

సమస్య: ఫొటో పక్కకి ఒరిగింది

ముందు నిటారు చేసి, ఆ తర్వాత క్రాప్ చేయండి. తిప్పినప్పుడు మూలలు కొంత పోతాయి. అందుకే స్కాన్ చేసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలాలి.

ఒక్కసారి ఫిల్మ్ నెగెటివ్ కోసం ఆల్బమ్ అట్ట వెనక కవరు కూడా వెతకండి. 35 ఎంఎం నెగెటివ్ 36×24 మిల్లీమీటర్లు, నిష్పత్తి 1.5. దాన్నుంచి 3.5×5 వేసిన రోజే నిడివిలో ఇరవయ్యో వంతు దాకా పోయింది. మాది దొరికింది. ఫిల్మ్ పెట్టే వీలున్న స్కానర్ మీద 2400 డీపీఐలో చూస్తే, దోసిళ్ళ పైన ఇంకొన్ని బియ్యపు గింజలు కనబడ్డాయి.