డాలియా, గ్లాడియోలస్ దుంపలు మళ్లీ నాటేలోపే పాడవుతున్నాయా?

చలిదేశాల్లో మంచుకు భయపడి దుంపలు తవ్వి దాస్తారు. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చలితో పెద్ద బెడద లేదు. ఇక్కడ దుంపను తినేసేవి ఏప్రిల్ ఎండ, ఆ తర్వాత నాలుగు నెలల వాన. అక్టోబరులో నాటిన దుంపను మార్చిలో తవ్వితే, మళ్లీ అక్టోబరు దాకా కాపాడుకోవాలి.

డాలియా దుంప మెత్తబడి, మెడ (కాడ అతికే చోటు) దగ్గర నల్లబడింది

తడి వల్ల. డాలియా కాడ గొట్టంలా బోలుగా ఉంటుంది. కోసిన చోట నిలిచిన నీరు తిన్నగా మెడలోకి దిగి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఆకు ఎండుతుండగానే నీళ్లు ఆపేసి, వారం తర్వాత కాడ జానెడు ఉంచి కోయండి. మొదలుకు జానెడు దూరంలో గునపం దింపి గుత్తి మొత్తం లేపాలి. కాడ పట్టి లాగారంటే మెడ విరిగినట్టే. మట్టి దులిపి, కుళ్లిన చోట గట్టి కండ కనిపించేదాకా కోసెయ్యండి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి అరగంట ముంచండి, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. తర్వాత కాడ కిందికి ఉండేలా తిరగేసి రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం మూట కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది.

డాలియా దుంప ముడతలు పడి బెండులా తేలికైంది

రేకుల కప్పు కింద పెట్టారేమో చూడండి. వంశధార ఇసుకను కడిగి ఎండబెట్టి, మట్టి బానలో దుంపల చుట్టూ నింపి, ఇంట్లో చల్లని మూల పెట్టండి. ఇసుక మరీ పొడిగా ఉంటే కాస్త నీళ్లు చిలకరించాలి. పిడికిట పట్టి వదిలితే రాలిపోవాలి, అరచేతికి తడి అంటకూడదు. నెలకోసారి తీసి చూడండి.

దుంప గట్టిగానే ఉంది, మొలక రాదు

డాలియా కన్ను (మొలక వచ్చే చోటు) దుంప మీద ఉండదు, కాడ అతికిన మెడ మీదే ఉంటుంది. మెడ ముక్క లేకుండా విడదీసిన దుంప ఎన్నాళ్లున్నా మొలవదు.

గ్లాడియోలస్ దుంప అడుగున గోధుమరంగు గుంటలు

ఇది ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే కుళ్లు. అలాంటివి కాల్చెయ్యండి, ఆ మడిలో మూడేళ్లు గ్లాడియోలస్ వద్దు. కొత్త దుంప పాతదాని నెత్తిన ఊరుతుంది. తవ్విన రెండు మూడు వారాలకు అడుగున ఎండిన పాత బిళ్లను మెలితిప్పి తీసెయ్యాలి. బద్ధకించి వదిలేస్తే రోగం అందులోనే దాక్కుంటుంది.

లిల్లీకి (రజనీగంధ) ఆకులే తప్ప పూకాడ లేదు

దీన్ని ఏటా తవ్వక్కర్లేదు. మూడేళ్లకు కుదురు ఇరుకవుతుంది. అప్పుడు తవ్వి, 2 సెంటీమీటర్లకు మించిన గడ్డలు ఏరి జానెడు ఎడంతో నాటండి. చిన్నవి వేరే మడిలో పెంచుకోండి, ఆ ఏడు వాటి నుంచి పూలు ఆశించొద్దు.